"కరెంట్ లేదు" అన్న మాటని ఎంతవరకు నమ్మాలి?

ఫోన్‌లో ఎర్ర అక్షరాలతో "కరెంట్ లేదు" అని ఉంది. బాత్రూంలో గీజర్ ప్లగ్గులో 230 వోల్టులూ నిక్షేపంగా ఉన్నాయి. ఆ ప్లగ్గు ముందు, చేతిలో స్క్రూడ్రైవర్‌తో, మా పిన్ని కొడుకు నిలబడి ఉన్నాడు.

మొదట్నుంచీ చెప్తాను. బెంగళూరు రామమూర్తి నగర్‌లో మేము అద్దెకుంటున్నది పాత ఇల్లు. ఇంటి నుంచే పని చేసే రోజుల్లో ఇన్వర్టర్ పెట్టించుకున్నాం. ఇన్వర్టర్ ఉన్న ఇంట్లో కరెంట్ పోయిన సంగతి మనకి తెలియదు. లైట్లు వెలుగుతుంటాయి, ఫ్యాన్లు తిరుగుతుంటాయి, వైఫై నడుస్తుంటుంది, బ్యాటరీ అయిపోవచ్చి ఇన్వర్టర్ కీచుకీచుమన్నాక గానీ తెలివి రాదు, ఆ సమయానికి మనం ఏదో ముఖ్యమైన మీటింగులో ఉంటాం. అందుకని మెయిన్ లైన్లో కరెంట్ ఉందో లేదో ఫోన్‌లో చూపించే చిన్న బోర్డు ఒకటి నేనే కట్టుకున్నాను. ఓ శనివారం ఎస్పీ రోడ్డుకెళ్లి సామాను తెచ్చాను: ఒక ఈఎస్‌పీ8266 (వైఫై ఉన్న, ప్రోగ్రాం రాసుకోగల చిన్న బోర్డు), ఒక పీసీ817 ఆప్టోకప్లర్ (ఇటు ఎల్ఈడీ వెలిగితే అటువైపు పసిగట్టే భాగం, రెండింటికీ మధ్య వైరు ఉండదు), ఒక అర వాట్ రెసిస్టర్, ఒక డయోడ్, ఒక జీరో పీసీబీ (వరసగా రంధ్రాలున్న ఖాళీ బోర్డు) ముక్క. నాలుగు నెలలు చక్కగా పని చేసింది. ఇంట్లో అందరికీ దాని మీద నమ్మకం కుదిరింది.

ఆ నమ్మకమే కొంప ముంచబోయింది. గీజర్ ప్లగ్గు వదులైంది, మాడిన వాసన వస్తోందని తమ్ముడు కొత్త 16 యాంపుల సాకెట్ తెచ్చాడు. మెయిన్ ఆఫ్ చేద్దామని లేచి, అలవాటుగా ఫోన్ చూశాడు. "అన్నా, కరెంట్ ఎలాగూ లేదులే" అన్నాడు. నేను లాప్‌టాప్ మీంచి తల ఎత్తకుండానే "సరే" అన్నాను. హాల్లో లైటు వెలుగుతూనే ఉంది, కానీ అది ఇన్వర్టర్ లైటు కదా, దాన్ని బట్టి ఎవరికీ ఏ అనుమానమూ రాదు. ప్లేటు విప్పి ఫేజ్ స్క్రూ మీద స్క్రూడ్రైవర్ పెట్టాడు, వేలు దాని ఇనప కాడకి తగిలింది, ఎడమ చెయ్యి తడి గోడకి ఆనించి ఉంది. ఆ ఇంటి వైరింగ్‌లో ఆర్‌సీసీబీ (కరెంట్ పక్కదారి పట్టి నేలకి పారితే లైను కట్ చేసే స్విచ్) లేదు. షాక్ విసురుకి చెయ్యి తనంతట తానే విడిపోయింది కాబట్టి బతికాడు. మోచెయ్యి గోడకి కొట్టుకుంది, చూపుడు వేలి మీద బియ్యపు గింజంత తెల్లటి మచ్చ పడింది. హాస్పిటల్లో ఈసీజీ తీసి, కొన్ని గంటలు ఉంచుకుని పంపించారు. పిన్నికి ఫోన్ చేసి చెప్పడం నా జీవితంలో నేను చేసిన కష్టమైన పనుల్లో ఒకటి.

సాయంత్రం బోర్డు విప్పి చూశాను. రెసిస్టర్ మీద పసుపు, ఊదా, నారింజ గీతలు ఉండాలి. మూడూ ఒకే డికాషన్ రంగులోకి మారిపోయి ఉన్నాయి. దాని కింద బోర్డు మీద కూడా అదే ఆకారంలో మచ్చ, ఇస్త్రీపెట్టె మర్చిపోతే పంచె మీద పడే మచ్చలాగా. మల్టీమీటర్ పెడితే ఓపెన్. దాని విలువ 47 కిలో ఓములు. 230ని 230తో గుణించి 47,000తో భాగిస్తే 1.1 వాట్లకు కాస్త పైన వస్తుంది. అర వాట్ మోయగల దాని మీద రాత్రీ పగలూ రెండింతలకు పైగా మోపాను. ఆప్టో లోపలి ఎల్ఈడీకి ఐదు మిల్లీయాంపులు కావాలి అన్న లెక్క మాత్రం శ్రద్ధగా వేసుకున్నాను, ఆ ఐదు మిల్లీయాంపులకి రెసిస్టర్‌లో ఎంత వేడి పుడుతుందన్నది వెయ్యలేదు.

సరే, లెక్క తప్పింది, దిద్దుకోవచ్చు. కానీ ఆ రాత్రి అంతకంటే పెద్ద విషయం ఒకటి అర్థమైంది, ఇదంతా రాస్తున్నది దాని గురించే. రెసిస్టర్ తెగింది, ఆప్టో ఎల్ఈడీ ఆరిపోయింది, ఈఎస్‌పీ పిన్ మీద వోల్టేజ్ మారింది, ప్రోగ్రాం దాన్ని "కరెంట్ లేదు" అని చదివింది. కరెంట్ పోయినప్పుడు కూడా అచ్చం ఇదే జరుగుతుంది. అంటే నా పరికరం చచ్చిపోవడమూ, లైన్లో కరెంట్ పోవడమూ బయటికి ఒకేలా కనిపిస్తాయి. ఒక్క రెసిస్టరే కాదు. సోల్డర్ పగిలినా లేదు. ప్లగ్గు లూజైనా లేదు. ఫ్యూజు పోయినా లేదు. ఎల్ఈడీకి అడ్డంగా పెట్టిన డయోడ్ షార్టైనా లేదు. ఏళ్లు గడిచి ఆప్టో లోపలి ఎల్ఈడీ మసకబారినా లేదు. ఎక్కడ చెడిపోయినా దాదాపు ప్రతిసారీ జవాబు "లేదు" వైపే ఒరుగుతుంది, మనిషి చెయ్యి పెట్టేది కూడా సరిగ్గా ఆ జవాబు చూసే.

అందుకే నా వాదన ఇది: "కరెంట్ వచ్చిందా?" అన్న ప్రశ్నా, "ఇప్పుడు ముట్టుకోవచ్చా?" అన్న ప్రశ్నా రెండు వేరు వేరు ప్రశ్నలు. ఇంట్లో మనం కట్టుకునే ఏ బోర్డైనా మొదటి ప్రశ్నకే జవాబు చెప్పగలదు. ఎంత బాగా కట్టినా, ఎంత ఖరీదైన విడిభాగాలు వాడినా, రెండో ప్రశ్నకి దాన్ని సాక్షిగా పిలవకూడదు. మన హాబీ మిత్రులు ఎవరైనా సర్క్యూట్ గీసి చూపించినప్పుడు ఐసోలేషన్ (230 వైపుకీ మన చెయ్యి తగిలే వైపుకీ మధ్య వైరు సంబంధం లేకపోవడం) ఉందా, రెసిస్టర్ వాట్ సరిపోతుందా అని అడుగుతాం, అడగాలి కూడా. కానీ ఇది చెడిపోతే ఏమని చెప్తుంది, అది విన్నవాడు ఏం చేస్తాడు అని అడిగినవాణ్ని నేను ఇంతవరకు చూడలేదు. నేనూ అడగలేదు.

పైగా బోర్డు నూటికి నూరు పాళ్లు బాగున్నా "లేదు" నిజం కాకపోవచ్చు. మా ఇంటి హాల్లో స్విచ్ బోర్డే చూడండి. ఒకే పెట్టెలో మెయిన్ నుంచి వచ్చే వైర్లూ, ఇన్వర్టర్ నుంచి వచ్చే వైర్లూ పక్కపక్కనే ఉంటాయి. బయట కరెంట్ పోతే టీవీ ప్లగ్గు చచ్చిపోతుంది, దానికి అంగుళం దూరంలో ఫ్యాన్ రెగ్యులేటర్ వైరులో ఇన్వర్టర్ వోల్టేజ్ ఉంటుంది. బోర్డు "లేదు" అంటుంది. అది చూస్తున్న లైనుకి సంబంధించినంతవరకు నిజమే చెప్తోంది. కానీ స్క్రూడ్రైవర్ జారితే?

న్యూట్రల్ తెగినప్పుడు ఇంకా ఘోరం. ఆప్టో చూసేది ఫేజ్‌కీ న్యూట్రల్‌కీ మధ్య తేడా. ఎక్కడో ముందు న్యూట్రల్ ఊడిపోయిందనుకోండి, ఇంట్లో ఏదీ పని చెయ్యదు, మన బోర్డు కూడా "లేదు" అంటుంది. అయితే ఫేజ్ మాత్రం వస్తూనే ఉంటుంది, ఆన్‌లో ఉన్న ఫ్రిజ్జు గుండానో బల్బు గుండానో ఆ ఫేజ్ న్యూట్రల్ వైరులోకి కూడా పాకుతుంది. టెస్టర్ పెడితే రెండు రంధ్రాల్లోనూ వెలుగుతుంది. రెండు వైర్లకీ మధ్య సున్నా, ఏ వైరుకైనా మన కాళ్ల కింద నేలకీ మధ్య 230. ఊళ్లల్లో "రిటర్న్ వస్తోంది" అంటారే, అది చాలాసార్లు ఇదే.

మన భాష కూడా కొంత తికమక పెడుతుంది. "కరెంట్ ఉందా?" అని మనం అడిగేది నిజానికి వోల్టేజ్ గురించి. ఆఫీసులో ఒక కుర్రాడు ఈ మాటని ఉన్నదున్నట్టు తీసుకుని, వైరు చుట్టూ కొరికినట్టు పట్టుకునే కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్ క్లాంప్ తెచ్చి పెట్టుకున్నాడు, వైరు కొయ్యక్కర్లేదు, ముట్టుకోనక్కర్లేదు, అంతకంటే భద్రమైనది ఏముందన్నాడు. భద్రమే, కాదనను. కానీ అది కొలిచేది వైరులో పారుతున్న ప్రవాహాన్ని. మోటారు ఆఫ్‌లో ఉంటే ప్రవాహం సున్నా, వైరులో వోల్టేజ్ నిండుగా ఉన్నా సరే. కట్టేసి ఉన్న కుళాయి లాంటిది, నీళ్లు కారట్లేదు కాబట్టి పైపులో నీళ్లు లేవనుకోలేం కదా.

ఇక కట్టే సంగతి. మొదటి ప్రశ్నకి జవాబు కావాలి, అది మంచి అవసరమే, దానికి నేను ఇప్పుడు అందరికీ చెప్పేది పాత ఫోన్ చార్జర్. మంచి కంపెనీది, మీద ఐఎస్ నంబరూ, ఆర్ అక్షరంతో మొదలయ్యే బీఐఎస్ రిజిస్ట్రేషన్ నంబరూ ఉన్నది. దాన్ని మెయిన్ ప్లగ్గులో పెట్టండి. 230 వోల్టుల పని అంతా దాని ప్లాస్టిక్ పెట్టె లోపలే అయిపోతుంది, ఐసోలేషన్ పరీక్షలు దాటి వచ్చిన పెట్టె అది, మీ బల్ల మీదికి వచ్చేది ఐదు వోల్టులే. ఆ ఐదు వోల్టుల్ని 10 కిలో ఓములు పైన, 15 కిలో ఓములు కింద పెట్టి పంచితే మూడు వోల్టులు వస్తుంది, 3.3 వోల్టుల పిన్‌కి సరిపోతుంది. చార్జర్ అవుట్‌పుట్ మీద ఒక 470 ఓముల రెసిస్టర్ లోడుగా పెట్టండి, లేకపోతే లోపలి కెపాసిటర్లలో మిగిలిన చార్జి వల్ల కరెంట్ పోయాక కూడా కాసేపు "ఉంది" అంటుంది. బోర్డుకి కావలసిన పవర్ ఇన్వర్టర్ లైను నుంచి వేరే చార్జర్‌తో ఇవ్వండి. పని అయిపోయింది. రోడ్డు పక్కన చవగ్గా అమ్మే పేరులేని చార్జర్ మాత్రం వద్దు. లోపల ట్రాన్స్‌ఫార్మర్‌లో రెండు చుట్లకీ మధ్య ఇన్సులేషన్ ఎంత ఉందో పైకి తెలియదు, అది విఫలమైతే ఆ ఐదు వోల్టుల వైరే 230 వైరు అవుతుంది.

దీనికి ఒక లోటుంది. చార్జర్లు 100 నుంచి 240 వోల్టుల వరకు దేనితోనైనా పని చేస్తాయి. అందుకని లైను 150కి పడిపోయి మోటారు మూలుగుతున్నా మన బోర్డు "ఉంది" అనే అంటుంది. ఎంత ఉందో కూడా తెలియాలంటే జడ్‌ఎంపీటీ101బీ మాడ్యూల్ ఉంది, చిన్న ట్రాన్స్‌ఫార్మర్ పెట్టిన బోర్డు, ఐసోలేషన్ దానితోనే వస్తుంది. కొన్నవాళ్లు మర్చిపోయేది ఏమిటంటే, ఆ బోర్డు వెనక పక్క సోల్డర్ ముడులు బట్టబయలుగా ఉంటాయి, అవి నేరుగా మెయిన్ వోల్టేజే. బల్ల మీద అలా పడేసి వాడటానికి లేదు, పెట్టెలో బిగించాల్సిందే.

ఇంకో పద్ధతి నాకు చాలా ఇష్టం, ఎవరూ పెద్దగా పట్టించుకోరు. మెయిన్ లైను స్విచ్ బోర్డు మీద ఎర్రగా వెలిగే ఇండికేటర్ ఉంటుంది కదా, దాని మీద ఒక ఎల్‌డీఆర్‌ని (వెలుగుని పసిగట్టే రెసిస్టర్) బోర్లించి, చుట్టూ నల్ల టేపు వేసి, గది వెలుతురు పడకుండా మూసెయ్యండి. ఇండికేటర్ వెలిగితే ఎల్‌డీఆర్ నిరోధం తగ్గుతుంది, ఆరితే పెరుగుతుంది. మెయిన్ వైరు ఒక్కటి కూడా విప్పలేదు, మధ్యలో ఉన్నది వెలుగూ ప్లాస్టిక్కూ మాత్రమే. ఆప్టోకప్లర్ లోపల జరిగేది కూడా ఇదే, అక్కడ అది నాలుగు కాళ్ల నల్లపెట్టెలో జరుగుతుంది, ఇక్కడ గోడ మీద జరుగుతుంది.

అయినా ఆప్టోతోనే కడతాను అనేవాళ్లుంటారు. కొన్ని పనులకి అది తప్పదు కూడా, ఉదాహరణకి ఏసీ వోల్టేజ్ ప్లస్‌కీ మైనస్‌కీ మధ్య మారుతూ సున్నా దాటే క్షణం పట్టుకోవాలంటే చార్జర్ పనికిరాదు. అప్పుడు ఇలా కట్టండి. పీసీ817 బదులు పీసీ814 తీసుకోండి, అందులో ఎదురెదురుగా రెండు ఎల్ఈడీలుంటాయి, ఏసీ రెండు వైపులా పని చేస్తుంది. పీసీ817 ఎల్ఈడీ తిరగేసి వచ్చే వోల్టేజ్‌ని ఆరు వోల్టులకి మించి తట్టుకోదు, దానికి అడ్డంగా ఇంకో డయోడ్ పెట్టాలి. రెసిస్టర్ ఒకటి కాదు, మూడు వరసగా, ఒక్కొక్కటి 68 కిలో ఓములు. కారణం వేడి ఒక్కటే కాదు. 230 అన్నది సగటు లాంటి లెక్క, ప్రతి అలలోనూ వోల్టేజ్ 325 దాకా లేస్తుంది. మామూలు పావు వాట్ రెసిస్టర్లలో చాలావాటికి 250 వోల్టులే హద్దు, వేడి తక్కువైనా సరే ఆ హద్దు దాటకూడదు. మూడు పెడితే ఒక్కొక్కదాని వాటా 110 లోపే. ఒకటి షార్టైనా మిగిలిన రెండూ కాపు కాస్తాయి. ఒక మిల్లీయాంపుకి కాస్త పైన వెళ్తుంది, మొత్తం వేడి పావు వాట్ చుట్టుపక్కల, మూడింటికీ పంచితే వేలు పెట్టినా తెలియనంత. అంటే ఊరికే అన్నాను, వేలు పెట్టకండి, దయచేసి. ఎల్ఈడీలో పారే ఒక మిల్లీయాంపులో కనీసం ఇరవై శాతం పీసీ814 అవతలి పక్క పారనిస్తుంది, అక్కడ పుల్-అప్ (పిన్‌ని 3.3 వోల్టుల వైపు లాగి ఉంచే రెసిస్టర్) 47 కిలో ఓములు పెడితే అది ధారాళంగా సరిపోతుంది. ముందు చిన్న ఫ్యూజు ఒకటి, ఫేజ్ వైపు.

ఇప్పుడు జీరో పీసీబీ సంగతి, ఇది కాస్త ఆగి చూడాలి. ఆప్టో డేటాషీట్‌లో 5000 వోల్టుల ఐసోలేషన్ అని ఉంటుంది, అది చూసి మనకి ధైర్యం వస్తుంది. ఆ లెక్క ఆ నల్లపెట్టె లోపలికి చెందినది. దాని రెండు పక్కల కాళ్ల మధ్య దూరం 7.62 మిల్లీమీటర్లు. జీరో పీసీబీ మీద రంధ్రాలు 2.54 మిల్లీమీటర్లకొకటి ఉంటాయి కాబట్టి ఆప్టో పొట్ట కింద రెండు వరసల రాగి చుక్కలు ఖాళీగా మిగులుతాయి. భూతద్దం పెట్టి చూడండి. ఒక్కో చుక్క రెండు మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది, చుక్కకీ చుక్కకీ మధ్య మిగిలేది అర మిల్లీమీటర్. అంటే మెయిన్ వైపు నుంచి మీ వేలు తగిలే వైపుకి దాటడానికి అర మిల్లీమీటర్ సందులు మూడు, కలిపితే ఒకటిన్నర. ఐదు వేల వోల్టుల ఆప్టోని తెచ్చి దాని కింద మెట్లు కట్టి ఇచ్చినట్టు. దాని మీద ఫ్లక్స్ జిగురు, దాని మీద దుమ్ము, వానాకాలం చెమ్మ, ఒక్కోసారి బొద్దింక.

నేను ఇప్పుడు చేసేది ఇది. సోల్డర్ చెయ్యడానికి ముందే ఆప్టో కిందికొచ్చే రెండు వరసల చుక్కల్నీ సోల్డరింగ్ ఐరన్‌తో వేడి చేసి కత్తి మొనతో లేపేస్తాను. తర్వాత రెండు మిల్లీమీటర్ల డ్రిల్ బిట్‌తో అక్కడే వరసగా రంధ్రాలు వేసి కలిపి, బోర్డుకి ఒక చీలిక చేస్తాను. పైకీ కిందికీ వెలుతురు కనిపించాలి. మెయిన్ వైపు చివరి చుక్కకీ ఇటువైపు మొదటి చుక్కకీ మధ్య ఎక్కడా ఐదున్నర మిల్లీమీటర్లకి తగ్గకుండా స్కేలు పెట్టి కొలుస్తాను. అయ్యాక ఫ్లక్స్‌ని ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్)తో కడిగి, మెయిన్ వైర్లని బోర్డుకి నైలాన్ టైతో కట్టి, అంతా స్క్రూలున్న ప్లాస్టిక్ పెట్టెలో పెడతాను. వైరు సోల్డర్ దగ్గర ఊడినా ఇటువైపుకి వచ్చి వాలకూడదు, టై ఉన్నది అందుకు. పెట్టె మూయకుండా ప్లగ్గులో పెట్టను, యూఎస్‌బీ వైరు లాప్‌టాప్‌కి తగిలించి ఉండగా అసలే పెట్టను. ఐసోలేషన్ విఫలమైతే ఆ వైరు గుండానే లాప్‌టాప్‌కీ, నాకూ వస్తుంది.

హార్డ్‌వేర్ కంటే నేను ఎక్కువ ఆలోచించింది ప్రోగ్రాం గురించి. పాత ప్రోగ్రాంకి రెండే మాటలు తెలుసు, ఉంది, లేదు. ఇప్పుడు మూడో మాట నేర్పాను: "తెలియదు". మన లైను 50 హెర్ట్జ్, సెకనుకి 100 సార్లు సున్నా దాటుతుంది, పీసీ814 ఉంటే ప్రతిసారీ పిన్ మీద వోల్టేజ్ ఒక్క క్షణం పైకి లేచి పడుతుంది. సెకనుకి 100కి అటూఇటూగా లెక్క వస్తే "ఉంది". సరిగ్గా 50 వస్తే ఆప్టోలోని రెండు ఎల్ఈడీల్లో ఒకటి పోయింది. పిన్ కిందే అతుక్కుపోయి ఉంటే ఎక్కడో షార్ట్. ఇష్టం వచ్చినట్టు వస్తే లూజు. ఈ మూడింటికీ జవాబు "తెలియదు". ఇక పిన్ పైనే నిలబడి ఉంటే, కరెంట్ పోయిందో ఆప్టో దారి తెగిందో దానికదిగా చెప్పలేదు కాబట్టి పాత చార్జర్‌ని రెండో సాక్షిగా పెట్టాను, వేరే ప్లగ్గులో, ఎందుకంటే ఒకే ప్లగ్గులో పెడితే ఆ ప్లగ్గు లూజైన రోజు ఇద్దరూ కలిసి ఒకే అబద్ధం చెప్తారు. ఇద్దరూ "లేదు" అంటేనే ఫోన్‌లో "లేదు". మాట కలవకపోతే "తెలియదు". బోర్డు పది సెకన్లకొకసారి నేనున్నానని పలకాలి, నిమిషం పాటు పలక్కపోతే ఫోన్‌లోని పేజీ పాత జవాబుని తుడిచేసి "తెలియదు" అని వేసుకుంటుంది. వైఫై ఆగిపోయి మూడు గంటల కిందటి "లేదు" తెర మీద అలాగే ఉండిపోవడం కూడా నేను చూశాను, అదీ ప్రమాదమే.

చార్జర్ పెట్టేస్తే నేర్చుకునేది ఏముంటుంది అని అడుగుతారు. నాకూ ఆ ప్రశ్న మీద గౌరవం ఉంది, నేనూ కట్టి కాల్చి నేర్చుకున్నవాణ్నే. కానీ 5 వోల్టుల దగ్గర తప్పు చేస్తే ఒక ఐసీ పోతుంది, ఇంకోటి కొనుక్కుంటాం. 9 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ అవుట్‌పుట్ కూడా ఏసీయే, 50 హెర్ట్జే, సున్నా దాటడం, పల్సులు లెక్కపెట్టడం, మూడో మాట నేర్పడం, అన్నీ దాని మీద నేర్చుకోవచ్చు. ఆర్‌సీసీబీ ఉంది కదా ఏమవుతుంది అని ఇంకొందరు. తప్పకుండా పెట్టించండి, మేమూ ఓనర్ గారిని బతిమాలి 30 మిల్లీయాంపులది పెట్టించాం. అది చూసేది ఫేజ్‌లో వెళ్లినదీ న్యూట్రల్‌లో తిరిగొచ్చినదీ సమానంగా ఉన్నాయా అని. ఒక చేత్తో ఫేజూ ఇంకో చేత్తో న్యూట్రలూ పట్టుకున్న మనిషి దానికి ఒక బల్బులాగే కనిపిస్తాడు.

మరి ముట్టుకోవచ్చా అన్న రెండో ప్రశ్నకి జవాబు ఎలా? మర్నాడు గీజర్ సాకెట్ మార్చడానికి వచ్చిన ఎలక్ట్రీషియన్ దగ్గర చూశాను. హిందూపురం వైపు మనిషి, అరవై దాటి ఉంటాయి. ముందు మీటర్ దగ్గరికి వెళ్లి మెయిన్ కట్ చేసి, పింగాణీ ఫ్యూజు పీకి చొక్కా జేబులో వేసుకున్నాడు. పైకొచ్చి ఇన్వర్టర్ స్విచ్ కూడా ఆపాడు. తర్వాత సంచిలోంచి టెస్ట్ బల్బు తీశాడు, హోల్డర్‌కి రెండు వైర్లు. దాన్ని గీజర్ ప్లగ్గులో పెడతాడనుకున్నాను. పెట్టలేదు. బయట వరండాలోకి వెళ్లి, పక్కింటి లైను నుంచి వచ్చే ప్లగ్గులో పెట్టి వెలిగించాడు. లోపలికొచ్చి గీజర్ ప్లగ్గులో ఫేజ్‌కీ న్యూట్రల్‌కీ, ఫేజ్‌కీ ఎర్త్‌కీ, న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ పెట్టి చూశాడు, వెలగలేదు. మళ్లీ వరండాలోకి వెళ్లి ఇంకోసారి వెలిగించి వచ్చాడు.

"రెండోసారి ఎందుకు పెద్దాయనా?" అని అడిగాను.

"ఇక్కడ చూసేటప్పుడే బల్బు మాడిపోయి ఉంటే? అది బాగున్నాదని నాకు తెలియాల గదా సార్," అన్నాడు, స్క్రూ విప్పుతూనే.

టెస్టర్ ఒక్కటే ఎందుకు వాడలేదో కూడా ఆయనే చెప్పాడు. నియాన్ టెస్టర్ మన ఒంటి గుండా నేలకి దారి దొరికితేనే వెలుగుతుంది. రబ్బరు చెప్పులేసుకుని, ఎండ పడే చోట నిలబడితే ఆ మసక వెలుగు కంటికి ఆనదు. డిజిటల్ మల్టీమీటర్‌ది వేరే బాధ, దాని లోపలి నిరోధం మెగా ఓముల్లో ఉంటుంది కాబట్టి ఎక్కడా తగిలించని వైరు మీద కూడా పక్క వైరు నుంచి జారిన కొద్దిపాటి చార్జికే నలభై, ఎనభై వోల్టులు చూపిస్తుంది. బల్బు అయితే ఆ దొంగ వోల్టేజ్‌ని పీల్చేస్తుంది, నిజంగా బలం ఉన్న లైనైతేనే వెలుగుతుంది. మల్టీమీటరే వాడేవాళ్లు కనీసం క్యాట్ 3 అని రాసి ఉన్నదీ, లీడ్లు పగలనిదీ చూసుకోండి, ఆ పెద్దాయన లాగే ముందూ వెనకా బతికున్న ప్లగ్గులో పరీక్షించండి.

పోయిన వారం కింద అంతస్తులో ఉండే రిటైర్డ్ బ్యాంకు ఆయన, మా తమ్ముడు చెబితే విని, తనకీ ఒకటి కట్టివ్వమని వచ్చారు, సంపు మోటారుకి కరెంట్ వచ్చిందీ లేనిదీ పడుకునే గదిలోంచే తెలియాలట. చార్జర్ పెట్టి కట్టిచ్చాను, ఆప్టో జోలికి వెళ్లలేదు. పెట్టె మీద స్కెచ్ పెన్‌తో "ఇది చూసి వైర్లు ముట్టుకోవద్దు" అని రాశాను. ఆయన కళ్లద్దాలు సర్దుకుని చదివి, "మరి మోటారు స్టార్టర్ విప్పాలంటే?" అని అడిగారు. ఇద్దరం కిందికి మీటర్ల గదికి వెళ్లాం. ఆయన మోటారు ఫ్యూజు ఏదో చూపించాను. ఆయన దాన్ని పీకి, కాసేపు చేతిలో తిప్పి చూసి, లాల్చీ జేబులో వేసుకున్నారు.